యంత్రానికి ఎవరూ చెప్పని సంగతి

సోమవారం సాయంత్రం మా అన్న షూర్ ఫోన్ చేశాడు. ఊరికే ఫోన్ చేసే మనిషి కాడు. పడవ ఇంజను చెడితేనో, ఊళ్ళో ఎవరైనా పోతేనో చేస్తాడు. నేను పెనం మీద చేప ఉండలు వేయిస్తున్నాను. బెర్గెన్‌లో వాన ఆ పూట పైనుంచి కాక పక్కనుంచి కొడుతోంది.

“సంతకం పెట్టేస్తున్నానురా,” అన్నాడు, పలకరింపు కూడా లేకుండా.

“దేనికి?”

“ఆ పళ్ళ డాక్టరు కాగితానికి. గురువారం రాజీ మండలి దగ్గర.”

కిందటేడు మా ఊళ్ళో తీరం పక్క పొలాన్ని రాజధాని ఓస్లో నుంచి వచ్చిన ఒక పళ్ళ డాక్టరు కొన్నాడు. ఆ పొలం అంచున, నీళ్ళలోకి కాళ్ళు చాపుకున్నట్టు, మా తాత కట్టిన పడవ కొట్టం ఉంది. నేల వాళ్ళది, కొట్టం మాది. ఇన్నేళ్ళలో దాని గురించి ఎవరూ ఒక మాట అనుకున్నది లేదు, ఒక కాగితం రాసుకున్నది లేదు. మా తీరాన సగం కొట్టాలు అలాంటివే. డాక్టరుకు మాత్రం కిటికీలోంచి సముద్రం కనబడాలట. మా కొట్టం అడ్డమట. కోపంగా కూడా అనలేదు, కేకు తెచ్చిచ్చి మరీ అన్నాడు. ఆయన రాయించిన రాజీ ఇది: కొట్టం పొలం వాళ్ళ అనుమతితో నిలబడిందని షూర్ ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే షూర్ బతికున్నన్నాళ్ళూ ఉండనిస్తాడు. ఆ తర్వాత పీకేస్తాడు.

ఆ తర్వాత అంటే షూర్ కూతురు రన్వైగ్. ఇప్పుడు చేపలకు వెళుతున్నది ఆ పిల్లే. పడవ ఆమెది, వలలు ఆమెవి. కొట్టం లేకపోతే చలికాలం ఆ పడవను నెత్తిన పెట్టుకోవాలి.

“సంతకం పెట్టమని ఎవరు చెప్పారు నీకు?”

“యంత్రం చెప్పింది. జాలర్ల సంఘం వాళ్ళు ఫోన్‌లో పెట్టారు కదా, న్యాయ సలహాకని. పక్కవాడి నేల మీద కట్టిన పడవ కొట్టానికి హక్కు ఉంటుందా, అలాంటి తీర్పు ఏదైనా ఉందా అని అడిగాను. ఒక్కటి కూడా లేదంది.”

“లేకపోవడమేంటి?”

“సంపూర్ణంగా వెతికానంది. నీలాగా నీళ్ళు నమలకుండా ఒక్క మాటలో చెప్పింది.”

చేప ఉండలు మాడిన వాసన వచ్చింది. ఆ యంత్రం వెతికేది ఎక్కడో నాకు తెలుసు. మా కంపెనీ తీర్పుల భాండాగారంలో. అక్కడ ఎలా వెతకాలో దానికి రాసిపెట్టింది నేను.

ఇక నాకు ఒళ్ళు తెలియలేదు. “నీ తలకాయలో ఉప్పునీళ్ళు తప్ప ఏమైనా ఉందా అన్నయ్యా? యంత్రం అంటే సంతకం, డాక్టరు అంటే సంతకం! నాన్న నిన్ను నెత్తిన పెట్టుకుని పెంచినందుకే ఇలా తయారయ్యావు. అలాంటి తీర్పులు భూమి కోర్టులో బోలెడు ఉంటాయి, ఊళ్ళో ఏ గొర్రెను అడిగినా చెబుతుంది! తాత కట్టిన దాన్ని కేకు ముక్కకి అమ్ముకుంటావా?” ఇంకా చాలా అన్నాను. అమ్మ గడియారం ఎవరికి వచ్చిందన్నది కూడా మధ్యలో ఎక్కడో వచ్చింది.

షూర్ అంతా విన్నాడు. విని, “పదిహేనేళ్ళకే బడి ఎగ్గొట్టినవాడివి, నీకు కోర్టుల సంగతి ఏం తెలుసురా?” అన్నాడు.

“నేను పనిచేసేది అక్కడే కదా!”

“కాగితాలు సర్దే పని,” అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

* * *

కాగితాలు సర్దే పనే. ఆ మాట తప్పు కాదు. బడి మానేసి న్యాయ పుస్తకాలు అచ్చువేసే ప్రెస్సులో చేరాను. ముందు సీసం అక్షరాలు పోయాయి, తర్వాత కాగితం పోయింది, చివరికి ప్రెస్సే పోయింది. చట్టాలూ తీర్పులూ తెర మీదికి ఎక్కాయి. వాటి వెంట పాత బీరువాతో పాటు నన్నూ మోసుకొచ్చారు. మా ఆఫీసు ఇప్పుడు రేవు పక్కన, ఒకప్పటి ఉప్పు చేపల గోదాములో ఉంది. వాన ముసిరిన రోజున గోడలు ఇంకా కంపు కొడతాయి. చదువుకున్న లాయర్లు, చదువుకున్న ఇంజనీర్లు ఆ కంపుకు అత్తరు దీపాలు పెట్టుకుంటారు.

రెండేళ్ళ కిందట ఏజెంట్లనే ఈ యంత్రాలు వచ్చాయి. ఎవరో ప్రశ్న అడుగుతారు, ఏజెంటు తనంతట తానే మా భాండాగారంలోకి వెళ్ళి వెతికి జవాబు పట్టుకొస్తుంది. దానికి మా తెర కనబడదు, తెర మీది మీటలు కనబడవు. ‘ఇది వెతికే పనిముట్టు, దీన్ని ఇలా వాడాలి’ అని మేం రాసిచ్చిన ఒక పేరా మాత్రం కనబడుతుంది. చీకటి గదిలోకి పంపుతూ చేతికిచ్చిన తాడు లాంటిది ఆ పేరా. ప్రతి ప్రశ్నకూ దాన్ని మొదటినుంచి చదువుకుంటుంది కాబట్టి పోస్టుకార్డు మీద పట్టేంతే ఉండాలని మా అధికారి ప్రేబెన్ నియమం. ఆ పని చదువుకున్నవాళ్ళు ఎవరూ తీసుకోలేదు. ప్రేబెన్ నా దగ్గరికి వచ్చి, “యంత్రానికి తేలిక మాటలు కావాలి ఓడ్వార్. నీకు వచ్చినవి తేలిక మాటలే కదా,” అన్నాడు. మెచ్చుకున్నాననే అనుకున్నాడు పాపం.

మంగళవారం పొద్దున్న కోటు విప్పకుండానే సున్నివా బల్ల దగ్గరికి వెళ్ళాను. ఆ పనిముట్టును కట్టిన ఇంజనీరు ఆమె. ఇంటినుంచి తెచ్చుకున్న రొట్టె ముక్కల మీది కాగితం విప్పుతోంది. గోధుమరంగు చీజు, పైన దోసకాయ.

“యంత్రాన్ని ఒక ప్రశ్న అడుగు,” అన్నాను. “మా అన్న అడిగినట్టే అడగాలి. మా యాసలో.”

“నీకు కూడా గుడ్ మార్నింగ్ పెద్దాయనా.”

“అడుగు సున్నివా.”

అడిగింది. పరీక్ష తెర మీద యంత్రం ఏం చేస్తున్నదీ వరసగా కనబడుతుంది. పడవ కొట్టం, పక్కవాడి నేల, హక్కు అని వెతికింది. ఏ సంగ్రహంలో వెతకాలి అన్న గడిని ఖాళీగా వదిలింది. గడి ఖాళీగా వదిలితే మామూలు కోర్టుల తీర్పుల్లోనే వెతుకుతుంది. ఏమీ దొరకలేదు. అప్పుడు జవాబు రాసింది: ‘ఇలాంటి విషయంలో ఇంతవరకు ఏ తీర్పూ లేదు. అవతలివారి రాజీకి ఒప్పుకోవడం మేలు.’

సున్నివా రొట్టె నములుతూ ఆగింది. “ఇదేంటి, భూమి కోర్టులో చూడలేదేం?”

“చూడమని నువ్వు చెప్పావా?”

“నేనెందుకు చెప్పాలి? హద్దులు, తీరం, దారి తగాదాలు భూమి కోర్టుకి పోతాయని ఎవరికి తెలియదు? తెర మీద ఇంత పచ్చ మీట ఉంది కదా.”

“తెర దానికి కనబడుతుందా?”

ఆమె నా వైపు చూసింది. “ఆ పేరా రాసింది నువ్వు కదా?”

“చదివి సరే అన్నది నువ్వు కదా?”

భూమి కోర్టు తీర్పులు ఇంకో ప్రచురణ సంస్థ నుంచి ఆలస్యంగా మా దగ్గరికి వచ్చాయి, వేరే అరలో ఉంటాయి. మా తీరంలో పుట్టిన ఎవడికైనా ఆ కోర్టు సంగతి ఉగ్గుపాలతో వస్తుంది. కాబట్టే ఎవరూ రాయలేదు. సముద్రం ఉప్పగా ఉంటుందని ఎవరు రాస్తారు? యంత్రం ఈ తీరంలో పుట్టలేదు.

“రాస్తాను, ఇప్పుడే రాస్తాను,” అన్నాను.

“మార్పులు ఆపేశారు ఓడ్వార్. వచ్చే నెల పెద్ద ప్రదర్శన ఉందని ప్రేబెన్ తాళం వేశాడు.”

“మా అన్న సంతకం గురువారం.”

ఆమె రొట్టెను కాగితంలో మళ్ళీ చుట్టేసింది. “రాయి. పరీక్షిద్దాం. తాళం సంగతి తర్వాత.”

రాశాను. కూర్చోలేక నిలబడి రాశాను. నాకున్న మంటంతా రాశాను. దొరకనంత మాత్రాన లేదని చెప్పకు, నీకు తెలియనివి లోకంలో కోటి ఉన్నాయి, నీ మాట నమ్మి జనం ఇళ్ళు పోగొట్టుకుంటారు, ఒళ్ళు దగ్గర పెట్టుకుని మాట్లాడు — ఇలా. సున్నివా దాన్ని యంత్రానికి పెట్టి, మా పరీక్ష ప్రశ్నలన్నీ అడిగింది. అది దేనికీ సూటిగా జవాబు చెప్పలేదు. క్షమించండి, నాకు కచ్చితంగా తెలియదు, ఎవరైనా లాయరును కలవండి. దొంగతనానికి శిక్ష ఉందా అంటే కూడా అంతే.

“నీ రాత చదివి పాపం దానికి జ్వరమొచ్చింది,” అంది సున్నివా.

“భయం ఉండాలి.”

“ఇదివరకు కూడా ఎవరో ఇలాగే హెచ్చరిక పెట్టారు. లాయర్లు తిట్టి పోశారు. ప్రదర్శనలో మళ్ళీ అలా కాకూడదనే ప్రేబెన్ తాళం వేసింది. తిట్టకు. ఏం చెయ్యాలో చెప్పు.”

బయటికి వెళ్ళి రేవు వెంట నడిచాను, తిరిగి వచ్చాను, కాఫీ తాగాను, మళ్ళీ బయటికి వెళ్ళాను. కాలు ఒక చోట నిలవలేదు. రెండోసారి ‘అన్ని సంగ్రహాల్లోనూ వెతుకు’ అని పెట్టాను. అప్పుడు ఇంకో తంటా. విడాకులు తీసుకున్న జంటలో కుక్క ఎవరికి అన్న ప్రశ్నకు అది భూమి కోర్టులోకి వెళ్ళి, గొర్రెల బీడు తగాదా ఒకటి పట్టుకొచ్చింది. వేసవిలో కొండ మీద కుక్కను మేపుకునే హక్కు ఇద్దరికీ సమానంగా ఉంటుందని తేల్చింది.

సున్నివా బల్ల మీద తల పెట్టి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. కిటికీలోంచి గడియారపు గోపురం కనబడుతుంటే దాని వైపు వీపు పెట్టి కూర్చున్నాను.

నవ్వు తగ్గాక ఆమె తెర మీదికి వంగింది. “ఓడ్వార్, ఇటు చూడు. భూమి కోర్టులోకి వెళ్ళకపోవడం ఒక ముక్క. దొరక్కపోతే ‘దొరకలేదు’ అనాలి కదా. ‘లేదు’ అని అంత ధీమాగా ఎందుకంటోంది?”

“పొగరు.”

“పొగరు కాదు. పేరాలో మొదటి వాక్యం చదువు.”

మొదటి వాక్యం నాది కాదు. ప్రేబెన్ పెట్టించింది. అమ్మకాల పత్రం నుంచి తీసుకున్నది: ‘ఇది దేశంలోని న్యాయ సమాచారపు సంపూర్ణ సంగ్రహం.’

“సంపూర్ణం,” అంది సున్నివా. “ఇక్కడ లేకపోతే ఎక్కడా లేనట్టే కదా మరి. దాని లెక్క దానికి సరిగ్గానే ఉంది.”

ఎన్నేళ్ళుగానో ఆ మాట మా గోడల మీద, మా కాఫీ కప్పుల మీద ఉంది. మేం ఎవరమూ దాన్ని పట్టించుకోలేదు, కొనేవాళ్ళు అసలే నమ్మలేదు. దుకాణం బోర్డు అంటే అంతే కదా. లోకంలో దాన్ని నిజమని నమ్మినది ఈ యంత్రం ఒక్కటే. అది చెబితే మా అన్న నమ్మాడు.

మూడోసారి తిట్లు లేకుండా, నాలుగే ముక్కలు రాశాను. ఇందులో మామూలు కోర్టుల తీర్పులు, భూమి కోర్టు తీర్పులు వేరువేరు అరల్లో ఉన్నాయి. భూమి, హద్దు, దారి, తీరం, పడవ కొట్టం తగాదాలైతే భూమి కోర్టు అర కూడా చూడు. చిన్న కోర్టుల తీర్పులు చాలావరకు ఇక్కడ లేవు. ఏమీ దొరక్కపోతే ఎక్కడెక్కడ వెతికావో చెప్పు, లేదని చెప్పకు. పోస్టుకార్డులో చోటు చాలలేదు. మొదటి వాక్యం తీసేశాను. సరిపోయింది.

సున్నివా పరీక్షించింది. కుక్క మామూలు కోర్టుకే వెళ్ళింది. కొట్టం భూమి కోర్టుకు వెళ్ళింది.

* * *

బుధవారం ప్రేబెన్ గది ముందు నిలబడ్డాం. ఇస్త్రీ చొక్కా మీద ఉన్ని స్వెటర్ వేసుకుని, ఎప్పుడూ ఎవరినో క్షమిస్తున్నట్టు ఉంటాడు. మొత్తం చదివాడు. రెండోసారి చదివాడు.

“నా వాక్యం ఏది?”

“చోటు చాలలేదు,” అన్నాను.

“ఆ మాట మీద సగం ఒప్పందాలు నడుస్తున్నాయి ఓడ్వార్.”

“ఒప్పందాల్లో ఉంచుకో. యంత్రానికి చెప్పకు. అది నమ్ముతుంది.”

సున్నివా నా కాలు తొక్కింది. “పరీక్ష ఫలితాలు చూడు ప్రేబెన్,” అంది. “ఎక్కడా చెడలేదు. వేగం కూడా తగ్గలేదు.”

“నెల ఆగితే ఏమవుతుంది? ప్రదర్శన అయిపోనీ.”

నేను ఆగలేకపోయాను. “రేపు మా అన్న సంతకం పెడతాడు. పడవ కొట్టం పోతుంది.”

ప్రేబెన్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. “ఇది మీ అన్న వ్యవహారమా?”

“అవును.”

“అది నాకు చెప్పకుండా ఉండాల్సింది. సొంత మనిషి వ్యవహారం ఉన్నప్పుడు నువ్వు దీని మీద చెయ్యి వెయ్యకూడదు. తెలుసు కదా?”

తెలుసు. మా దేశంలో మంత్రి తన బావమరిది ఫైలు ముట్టుకున్నా కుర్చీ దిగాలి. ఇన్నాళ్ళు పనిచేసి, అంతా అయ్యాక, నా నోటితో నేనే చెడగొట్టుకున్నానని చెవుల్లో వేడి పుట్టింది. ఇక ఉద్యోగమే వద్దని చెప్పి వెళ్ళిపోదామని నోరు తెరవబోయాను.

“వెళ్ళు,” అన్నాడు ప్రేబెన్. “నువ్వు వెళ్ళు ఓడ్వార్. సున్నివా ఉండు.”

బయట కాఫీ యంత్రం దగ్గర నిలబడ్డాను. ఒకరిద్దరు లాయర్లు వచ్చి కప్పులు నింపుకుని పోయారు. తలుపు తెరుచుకుంది.

“తన వాక్యం వదులుకున్నాడు,” అంది సున్నివా. “మీ అన్న కోసం కాదని నిన్ను గుర్తుంచుకోమన్నాడు. ‘సంపూర్ణం’ అబద్ధం కాబట్టి, లాయరుగా తన పేరు మీద అబద్ధం ఉండకూడదు కాబట్టి అట. ఆమోదం ఆయన పేరు మీద, మార్పు నా పేరు మీద. నీ పేరు ఎక్కడా ఉండదు.”

“నా పేరు ఎప్పుడు ఉందిలే.”

“మొదలెట్టావా.”

“ఎప్పటికి మారుతుంది?”

“సాయంత్రానికి నేను పంపేస్తాను. జాలర్ల సంఘం వాళ్ళ యంత్రం కొత్త పేరా ఎప్పుడు తీసుకుంటుందో నాకు తెలియదు. రేపటికి తీసుకోవచ్చు.”

“తీసుకోవచ్చా, తీసుకుంటుందా?”

“ఇప్పుడే కదా నువ్వు దానికి నేర్పింది, తెలియనిది తెలియదని చెప్పమని,” అంది.

మా అన్నకు ఫోన్ చేశాను, ఎత్తలేదు. ‘యంత్రాన్ని మళ్ళీ అడుగు’ అని సందేశం పెట్టాను. చాలాసేపటికి జవాబు వచ్చింది. ‘ఒకసారి అడిగాను.’

అంతే. మా ఇంట్లో అడగడమే కష్టం. రెండోసారి అడగడం ఎరగం.

* * *

గురువారం మా ఊరికెళ్ళే ఫెర్రీ పడవలో అటూ ఇటూ నడిచాను. కాఫీ అమ్మే పిల్ల మూడుసార్లు నన్ను దాటి, “ఇక్కడ కుర్చీలు కూడా ఉన్నాయి,” అంది.

రాజీ మండలి మా ఊళ్ళో పంచాయతీ ఆఫీసు మేడ మీద కూర్చుంటుంది. అక్కడ లాయర్లు ఉండరు. ఊరివాళ్ళే ముగ్గురు: కిరాణా కొట్టు గున్వోర్, ఒక రైతు, ఒక రిటైరైన టీచరు. మధ్యలో గున్వోర్. డాక్టరు ముందే వచ్చి అందరికీ చేతులు కలిపాడు. షూర్ నన్ను చూసి కనుబొమ్మలు ఎగరేశాడు.

“నువ్వెందుకొచ్చావు?”

“పక్కన కూర్చోడానికి. ఒక మనిషిని తెచ్చుకోవచ్చు కదా.”

“నేను తెచ్చుకోలేదు.”

“నేనే వచ్చాను.”

గున్వోర్ రాజీ కాగితం పైకి చదివింది. కొట్టం పొలం యజమాని అనుమతితో కట్టబడినదని, నేటికీ అనుమతి మీదనే ఉన్నదని. డాక్టరు మృదువుగా తల ఊపాడు. “నాకు ఎవరితోనూ గొడవలు అక్కర్లేదండి. షూర్ గారు ఉన్నంతకాలం ఆయన ఇష్టం,” అన్నాడు. మా దగ్గర ఎవరికీ గార్లు తగిలించరు. ఓస్లోలో కూడా తగిలించరు. అది ఆయన సొంత తయారీ.

షూర్ కలం కోసం చెయ్యి చాపాడు. నేను కుర్చీ అంచు పట్టుకున్నాను. అరవకూడదు, అరిస్తే గున్వోర్ బయటికి పంపేస్తుంది.

“ఆగు ఆగు,” అంది గున్వోర్. “కాఫీ తాగకుండా ఎవరు సంతకం పెట్టారు ఇక్కడ? కాగితం ఎక్కడికీ పారిపోదు.”

ఫ్లాస్కు తెచ్చారు, గళ్ళగళ్ళ వాఫుల్ అట్లు తెచ్చారు. షూర్ కప్పు పట్టుకుని వరండాలోకి వెళ్ళాడు. వెనక వెళ్ళాను. కింద నీళ్ళ పాయ, అవతల మా కొట్టం తలుపు కనబడుతున్నాయి. రన్వైగ్ పడవ లేదు. చేపలకు వెళ్ళినట్టుంది.

“అన్నయ్యా,” అన్నాను, గోడ అవతల జనం ఉన్నారు కాబట్టి గొంతు తగ్గించి. “ఒక్కసారి మళ్ళీ అడుగు దాన్ని.”

“ఎందుకు? మాట మారుస్తుందా?”

“మార్చకపోతే సంతకం పెట్టు. ఇక నేను నోరెత్తను. నా కోసం అడుగు.”

షూర్ నా మొహం వైపు చూశాడు. “నీ కోసం అని నువ్వెప్పుడూ అనలేదే,” అన్నాడు. కప్పు గట్టు మీద పెట్టి, జేబులోంచి ఫోన్ తీసి, పొలుసులు తీసే చేతుల్తో మెల్లగా నొక్కి, దాని మొహం మీదే మాట్లాడాడు. “ఇదిగో, మొన్న అడిగిందే. మా తాత పక్కవాళ్ళ నేల మీద పడవ కొట్టం కట్టాడు. హక్కు ఉందా లేదా?”

సిగ్నలు ఒక గీత ఉంది. గుండ్రం తిరుగుతూనే ఉంది. పాత పేరానో, కొత్త పేరానో. లోపల కుర్చీలు జరిపిన చప్పుడు, గున్వోర్ పిలుపు.

ఫోన్ మాట్లాడింది. ‘మామూలు కోర్టుల తీర్పుల్లో వెతికాను, దొరకలేదు. ఇలాంటి తగాదాలు భూమి కోర్టుకు వెళతాయి కాబట్టి అక్కడ కూడా వెతికాను. కొన్ని దొరికాయి. ఒకదాంట్లో కొట్టం కట్టినవాళ్ళకు హక్కు ఉందన్నారు, ఎందుకంటే చాలా ఏళ్ళు ఎవరి అనుమతీ అడక్కుండా, తమదన్న నమ్మకంతో బాహాటంగా వాడుకున్నారు. ఇంకొకదాంట్లో హక్కు లేదన్నారు, ఎందుకంటే కట్టేముందు యజమానిని అడిగి కట్టుకున్నారు. చిన్న కోర్టుల తీర్పులు చాలావరకు నా దగ్గర లేవు. మీ తాత అడిగి కట్టారా, అడక్కుండా కట్టారా? అనుమతితో కట్టారని ఏదైనా కాగితం మీద సంతకం పెట్టేముందు అది తేల్చుకోండి.’

షూర్ మళ్ళీ విన్నాడు. ఆఖరి వాక్యం మూడోసారి విన్నాడు.

“తాత ఎవర్నైనా ఏదైనా అడిగాడా, జన్మలో?” అన్నాడు.

“నాకు తెలిసి లేదు.”

“పెళ్ళి చేసుకోమని నాయనమ్మను కూడా అడగలేదట. చర్చికి రమ్మన్నాడట.”

లోపలికి వెళ్ళాం. షూర్ కలం తీసుకుని, మూత పెట్టి, డాక్టరు ముందుకు తోశాడు. “ఈ అనుమతి అన్న మాట తప్పు,” అన్నాడు. “మా తాత ఎవర్నీ అడగలేదు. ఆ ముక్కకి సాక్షులు కావాలంటే వృద్ధాశ్రమంలో ఇంకా ఇద్దరు బతికున్నారు. నేను సంతకం పెట్టను.”

“అయితే కోర్టులో కలుసుకోవాల్సి వస్తుంది,” అన్నాడు డాక్టరు. మొదటిసారి గొంతులో కేకు లేదు.

“భూమి కోర్టులో,” అన్నాడు షూర్.

“మరింకెక్కడ?” అంది గున్వోర్, వాఫుల్ మడుస్తూ. “ఇలాంటివి అక్కడికే కదా పోతాయి. ఎవరికి తెలియదు?”

పళ్ళు కొరుక్కున్నాను.

* * *

తిరుగు ఫెర్రీ దాకా షూర్ తన కారులో దింపాడు. వానకు అద్దం తుడిచేవి అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. గెలుస్తామో లేదో తెలియదు. వృద్ధాశ్రమంలో ఉన్న ఆ ఇద్దరిలో ఒకరికి మతి నిలకడ లేదు. అయినా షూర్ స్టీరింగ్ మీద వేళ్ళతో తాళం వేస్తున్నాడు.

“చూశావా,” అన్నాడు. “బుర్ర ఉన్న యంత్రం అది. తన తప్పు తనే దిద్దుకుంది. మనుషుల్లో ఎంతమంది దిద్దుకుంటారు?”

“అది దిద్దుకోలేదు. నేను దిద్దాను. ఆ మాటలు నావి.”

“ఏ మాటలు?”

“భూమి కోర్టు చూడు, దొరక్కపోతే లేదని చెప్పకు. మంగళవారమంతా కూర్చుని... నిలబడి రాశాను. అది చదువుకునేది నేను రాసిందే.”

షూర్ నా వైపు తిరిగి చూశాడు, మళ్ళీ రోడ్డు వైపు. నమ్మాడో లేదో ఆ గడ్డం వెనక తెలియదు. కొంత దూరం పోయాక అన్నాడు.

“నీకు తెలిసినప్పుడు మరి నాకెందుకు చెప్పలేదురా?”

“చెప్పాను! సోమవారం చెప్పాను. ఫోన్‌లో. భూమి కోర్టులో బోలెడు ఉన్నాయని ఇదే మాట చెప్పాను.”

షూర్ గుర్తు చేసుకున్నాడు. నిజంగానే గుర్తు చేసుకున్నాడు, కనుబొమ్మలు ముడిపడ్డాయి.

“చెప్పావేమో,” అన్నాడు. “అప్పుడు నువ్వు అరుస్తున్నావు.”

ఫెర్రీ తలుపు తెరుచుకుంటోంది. దిగాను. నేను పైకి ఎక్కేదాకా అక్కడే ఉన్నాడు, లైట్లు వేసి. ఫెర్రీలో ఈసారి కూర్చుందామని చూశాను. కూర్చున్నాను కూడా. కాసేపట్లో మళ్ళీ లేచాను. పేరా మారకముందు ఎంతమంది ఇలాగే అడిగి, ఏమీ లేదన్న జవాబు నమ్మి, సంతకం పెట్టేశారో. కాఫీ అమ్మే పిల్ల నా వైపు చూసి కుర్చీ చూపించింది. తల అడ్డంగా ఊపి కిటికీ దగ్గరికి వెళ్ళాను.